పలక మందము – అంగుళపు చరిత్ర
(విడపనకల్లు సీమ వడ్రంగమును గూర్చిన వ్యాసము)

వడ్రంగి గృహస్థునకు మూడు కొలతల నప్పగించును: పొడవు, వెడల్పు, మందము. ఇందు మొదటి రెండును గృహస్థు తానే సరిచూచుకొనగలడు. మంచము పొట్టిదైనచో పండుకొన్ననాడే తెలియును. తలుపు చాలకున్నచో మూసిననాడే తెలియును. మూడవదగు మందము మాత్రమట్లు గాదు. పలకకు చుట్టును అంచుకొయ్య బిగించి, చిత్రిక పట్టి, మెఱుగు పూసిన పిమ్మట లోపలి మందమెంతయో చేసినవానికే యెఱుక. అది చాలదను సంగతి యింటివానికి తెలియుటకు రెండు మూడు వేసవులు పట్టును. కావున మందమును నిర్ణయించుట కొలతబద్దకు మాత్రమే సంబంధించిన పని గాదు; అది వృత్తిధర్మమునకు సంబంధించిన పని.

మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుల సంతతివారమని చెప్పుకొను మనకు, ఆలయములను, రథములను, విగ్రహములను గూర్చిన వ్యాసములకు కొఱతలేదు. గాని గ్రామపు వడ్రంగి ఒక పీటకో, మంచపు పట్టెకో ఎంత మందము చాలునని యెట్లు తెలిసికొనెనో విచారించినవారు తక్కువ. ఆ తెలివి తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినదేగాని కాగితముపై నెక్కలేదు. అందుచేత విడపనకల్లు సీమను దృష్టియందుంచుకొని ఈ చిన్న కొలత యొక్క చరిత్రను సోదరుల యెదుట నుంచుచున్నాము. కొలతబద్ద మూడు మాఱులు మాఱినను కొలత వెనుకనున్న న్యాయము మాఱలేదనుటయే మా వ్యాసమునకు సారము.

సీమ స్వభావము

విడపనకల్లు అనంతపురము జిల్లాలో ఉరవకొండకు వాయవ్యమున, బళ్ళారికిని గుంతకల్లునకును నడుమ నున్నది. ఈ ప్రాంతము 1800 వ సంవత్సరమున నిజాము ఈస్టిండియా కంపెనీకి విడిచిన దత్తమండలములలోనిది. 1882 లో అనంతపురము జిల్లా వేఱుపడువఱకు బళ్ళారి జిల్లాలోనే యుండెను. 1953 లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. అయినను ఈ సీమవారికి బళ్ళారితో గల బంధుత్వములును, బేరసారములును సరిహద్దుతో తెగలేదు.

జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటరుల వాన మాత్రమే కురియును. పొలముగట్లపై తుమ్మయు, ఊరిముంగిట వేపయు, చింతయు, వంకలవెంట కానుగయు పెరుగును. మెట్టకొండలలో నారేప మ్రాను కలదు. టేకు ఈ నేలకు పుట్టినది గాదు. ఎప్పుడును బయటినుండి రావలసినదే. ఈ మూడు నాలుగు వాక్యములలోనే మన వడ్రంగి యెదుర్కొనిన చిక్కులన్నియు ఇమిడియున్నవి.

మొదటిది ఎండ. తడిసీమలలో కోసిన కొయ్య యిచ్చటి పొడిగాలికి వచ్చినతోడనే కుంచించుకొనును, మెలిదిరుగును, నెఱియలు వాఱును. రెండవది నల్లరేగడి నేల. అది వానకు ఉబ్బి, వేసవికి బీటలు వాఱును; దానితోపాటు గోడ కదలును; గోడతోపాటు ద్వారబంధము కదలును. పలుచని ద్వారబంధము ఆ కదలికకు లొంగి వంకరవోవును. అటుపై తలుపు పడదు. మూడవది కఱవు. కలప వెలగలదగుటచే మందము నొక నూలు పెంచుటయు, ఒక నూలు తగ్గించుటయు గృహస్థునకు భారమో లాభమో యగుచుండెను. మొదటి రెండును మందము నెక్కువ చేయుమనును. మూడవది తక్కువ చేయుమనును. ఈ రెంటినడుమ తగిన చోట నిలుచుటయే ఈ సీమ వడ్రంగి నేర్పు.

ప్రాచీనాంగుళము

మన దేశమున కొలతకు మూలము వ్రేలు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఎనిమిది యవల నడిమి వెడల్పు ఒక అంగుళమనియు, లేక నడితరపు మనుష్యుని నడిమివ్రేలి నడిమి కణుపు వెడల్పు అంగుళమనియు చెప్పబడెను. ఇరువదినాలుగు అంగుళము లొక హస్తము. మన తెలుగున మూర. అదే గ్రంథమున తక్షకులును, ఱంపపువారును వాడు కిష్కువునకు 42 అంగుళములును, కలప యడవులను కొలుచు హస్తమునకు 54 అంగుళములును విధింపబడినవి. అనగా కొయ్యపని చేయువారికి వేఱు కోల యుండుట, ఆ కోలను రాజశాసనము గుర్తించుట అంత పూర్వకాలపు మాట యని గ్రహింపవలయును. ఈ గ్రంథము మరల వెలుగు చూచి, 1909 లో మైసూరున శామశాస్త్రిగారి వలన అచ్చుపడినది.

ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో శయ్యాసనములకు ప్రత్యేకముగ నొక అధ్యాయము కేటాయించెను. టేకు మొదలుగా ఏ మ్రాకులు శయ్యకు తగినవో, పిడుగుపడినవియు, గాలికి కూలినవియు, పక్షులు గూళ్ళు కట్టినవియు మొదలగు ఏ మ్రాకులు తగనివో యందు చెప్పెను. కర్మాంగుళమునకు పొట్టు తీసిన ఎనిమిది యవలు ప్రమాణమనెను. రాజు శయ్య పొడవు 100 అంగుళములు, రాజపుత్రునిది 90, మంత్రిది 84, సేనాపతిది 78, పురోహితునిది 72. పొడవులో సగము తీసికొని, అందెనిమిదవ వంతు తగ్గించినది వెడల్పు. ఇది విశ్వకర్మ చెప్పినదని వరాహమిహిరుడే పేర్కొనుట మనకు గర్వకారణము.

ఇచ్చట నొక్క లెక్క వేసి చూతము. నేటి ఇంగ్లీషు అంగుళమే వరాహమిహిరుని అంగుళమైనచో రాజుగారి మంచము 8 అడుగుల 4 అంగుళముల పొడవు కావలెను. అది మనుష్యునకు తగినది గాదు. మూరను వాడుకలో నున్నట్లు 18 ఇంగ్లీషు అంగుళములుగ గ్రహించినచో, అందు ఇరువదినాల్గవ వంతగు మన అంగుళము ఇంగ్లీషు అంగుళమున ముప్పాతిక మాత్రమే యగును. అప్పుడు నూఱు అంగుళముల మంచము 75 ఇంగ్లీషు అంగుళములు, అనగా ఆఱుంబాతిక అడుగులగును. నేడు అంగళ్ళలో అమ్మెడు పరుపులలో 75 అంగుళముల పొడవుగలది ఒకటి కలదు. వెడల్పు లెక్కకు సుమారు 33 అంగుళములు వచ్చును. అది ఒంటిమనిషి మంచమునకు సరిపోవునదే. కావున పాత అంగుళమన ముప్పాతిక అంగుళమని మనస్సున నుంచుకొనవలయును. ముందు చెప్పబోవు చరిత్ర యంతయు దీనిపై నాధారపడియున్నది.

మిద్దెయిల్లు, మంచము, మేర

పూర్వము ఈ సీమ గ్రామములలో ఇంటిసామాను మిక్కిలి తక్కువ. మంచము, పీట, ఉయ్యాల, ధాన్యమునకో బట్టలకో ఒక పెట్టె, కలవారింట భోషాణము. బల్లలును, కుర్చీలును కచ్చేరీలతోను, పాఠశాలలతోను వచ్చినవి. వడ్రంగి పనిలో ముఖ్యభాగము మడకకును, గుంటకకును, గొఱ్ఱునకును, బండికిని, మిద్దెకును పోవుచుండెను. రాయలసీమ మిద్దెలో దూలములపై దంతెలు, వానిపై చెక్కలు పఱచి, ఆపై చవుడుమన్ను పోయుదురు. వానకు తడిసిన మన్ను బరువు రెండింతలుగా తోచును. ఆ బరువును మోయు దూలమునకు మందము నిర్ణయించిన చేతులే మంచపు పట్టెకును నిర్ణయించినవి. కావున మన వడ్రంగికి మందమును గూర్చిన తెలివి ముందు ఇంటికప్పునుండి వచ్చెను.

ఒక్కొక్క కొయ్యకు ఒక్కొక్క గుణము. తుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చును. అందుచే బండిచక్రపు పూటీలకును, పనిముట్ల పిడులకును వాడిరి. చింత చేవ గానుగలకును, కొడతులకును తగినది. వేప చేదుచే పురుగునకు లొంగదు; పెట్టెలకును, గూళ్ళ తలుపులకును మంచిది. నారేప మన దేశపు మిక్కిలి బరువైన కొయ్యలలో నొకటి. స్తంభమునకు దానిని మించినది లేదు, కాని ఉలికి లొంగదు. చేవగల కొయ్య పురుగునకు ఓర్చినంతగ చేవలేని తెల్లకొయ్య ఓర్వజాలదు. మందమును కొలుచునపుడు చేవను మాత్రమే కొలువవలయుననుట యిందుచేతనే. అంచున మిగిలిన తెల్లకొయ్యను లెక్కలో చేర్చి అంగుళమనుట పురుగునకు వాటా పెట్టుటయే.

మంచపు పట్టె సంగతి విచిత్రమైనది. నులకతోనో, నవారుతోనో అల్లిన మంచమున పట్టె పైనుండి పడు బరువునకంటె ప్రక్కనుండి లాగు బిగువునకు లోబడును. అల్లిక బిగించినకొలది రెండు పట్టెలును లోపలికి వంగజూచును. కావున పలక పఱచిన మంచమునకు పట్టె నిలువుమందము ముఖ్యము. నులకమంచమునకు అడ్డుమందము గూడ ముఖ్యము. ఈ భేదము తెలియక ఒక దాని కొలతతో మఱియొకటి చేసినచో, ఏడాది తిరుగకముందే నడుము సన్నగిల్లిన మంచమగును.

ఇక వేతనము. దత్తమండలముల గ్రామములలో వడ్రంగియు కమ్మరియు ఆయగాండ్రలో చేరినవారు. కళ్ళములో ధాన్యము కొలుచునపుడు వారికి మేర యొసగుచుండిరి. మడక విఱిగినను, గొఱ్ఱు సడలినను బాగుచేయవలసిన భారము వడ్రంగిదే. దానికి వేఱుగ కూలి లేదు. మంచములకును, తలుపులకును వేఱుగ ధర కుదుర్చుకొన్నను చేయు చేతులొక్కటే, చేయించుకొను ఇల్లొక్కటే. ఈ యేర్పాటులో ఒక న్యాయము కలదు. పలుచగ చేసిన వస్తువు విఱిగినచో నష్టము చేసినవానిదే. తగిన మందమున చేసిన వస్తువు పదియేండ్లు నిలిచినచో లాభము ఇరువురిది. కొలత నిజాయితీగ నుండుటకు వడ్రంగి మంచితనము మాత్రమే గాక, ఈ యేర్పాటు గూడ కారణమని చెప్పక తప్పదు. వస్తువునకింతయని ధర కట్టి, అమ్మినవాడు మరల కానరాని కాలము వచ్చినది మొదలు ఆ న్యాయము సడలినది.

మేరకును దుర్దశ లేకపోలేదు. పంట లేనియేడు మేర లేదు. 1876-78 నాటి మహాక్షామమున మదరాసు రాజధానిలో మిక్కిలి బాధపడిన జిల్లాలలో బళ్ళారి యొకటి. నేటి అనంతపుర మప్పుడందులోనిదే. ఇల్లు విప్పి దూలములను, తలుపులను అమ్ముకొనుట కఱవుసీమ లెఱిగిన దుఃఖమే. అట్టి కాలమున మందముగల కొయ్య దాచిన ధనము వంటిది. విఱిగిన దూలము ద్వారబంధమగును, ద్వారబంధము మంచపుకోడగును, కోడు పీట యగును, పీట తుదకు పిడి యగును. ప్రతి జన్మమునను బాడిశయు, చిత్రికయు కొంత తినివేసినను కొయ్య మిగులును. పలుచని పలకకు రెండవ జన్మము లేదు. మన పెద్దలు కొంచెము హెచ్చు మందమునకు మొగ్గుచూపుటను కొందఱు అనాగరిక మందురు. మాకు మాత్రమది కఱవు నేర్పిన పొదుపుగ దోచుచున్నది.

రైలు, అడవి చట్టము, ఇంగ్లీషు అంగుళము

1871 నాటికి మదరాసునుండి రాయచూరు వఱకు రైలుమార్గము పూర్తియైనది. గుంతకల్లు క్రమముగ పెద్ద కూడలి యయ్యెను. 1882 లో మదరాసు అడవి చట్టము వచ్చెను. అంతవఱకు కొండకు పోయి మ్రాను కొట్టి తెచ్చుకొన్నవాడు అటుపై అనుమతికో, అంగడికో పోవలసివచ్చెను. ఒకే దశాబ్దము కొంచె మటునిటుగ వడ్రంగికి అడవి దూరమయ్యెను, అంగడి దగ్గరయ్యెను.

రైలుతో నొక క్రొత్త విషయము వచ్చినది. అది కొయ్యకు ముందుగనే నిర్ణయింపబడిన కొలత. పెద్దమార్గపు పట్టాల క్రింద నుంచు కొయ్యదిమ్మకు 9 అడుగుల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల మందము. వేల దిమ్మలు, కొలత యొక్కటే. అంతకుముందు వడ్రంగి మ్రానును చూచి పలకను నిర్ణయించెడివాడు. ఇప్పుడు పలక ముందుగనే నిర్ణయమై వచ్చుచున్నది. బర్మా టేకు ఓడలలో మదరాసు రేవునకు దిగి, కోతపడి, అంగుళము, ఒకటింబాతిక, ఒకటిన్నర యను మందములతో లోపలి సీమలకు వ్యాపించెను.

ఇచ్చటనే పేరు తెచ్చిన చిక్కు కలదు. ఇంగ్లీషువారి ఇంచికి తెలుగువారు అంగుళమనియే పేరు పెట్టిరి. పాత అంగుళము ముప్పాతిక. క్రొత్త అంగుళము నిండు. పేరొక్కటే యగుటచే పాతమాటగ వచ్చిన “అంగుళము పలక” యేది, అంగడిమాటగ వచ్చిన “అంగుళము పలక” యేది యను భేదము చెడెను. ఒక్క విషయమున మాత్రము మన సంప్రదాయము నిలిచినది. పాత అంగుళమునకు యవ లెనిమిది. క్రొత్త అంగుళమునకు నూలు లెనిమిది. నాలుగు నూళ్ళు అర యనియు, ఆఱు నూళ్ళు ముప్పాతిక యనియు నేటికిని మనవారు చెప్పుదురు. గింజపోయి దారము వచ్చెను. ఎనిమిది మాత్రము పోలేదు. పాత అంగుళమన్నను, క్రొత్తబద్దపై ఆఱు నూళ్ళన్నను ఒక్కటే.

కోతయు ఆరుదలయు

మందమును నిర్ణయించువాడు ముందు ఱంపమును లెక్కింపవలయును. ఇరువురు పైన క్రింద నిలిచి లాగెడు కోతఱంపము ఒక్కొక్క కోతకు దాదాపు ఒక నూలు కొయ్యను పొట్టుచేయునని యనుకొందము. తొమ్మిది అంగుళముల దిమ్మనుండి అంగుళపు పలక లెనిమిది వచ్చును, పొట్టు అంగుళము. అదే దిమ్మను అర అంగుళపు పలకలుగ కోసినచో పదునాలుగు పలకలు వచ్చును. అనగా కొయ్య యేడంగుళములే మిగిలి, అంగుళమునకు ముప్పాతిక పైగా పొట్టగును. పలుచన చేసినకొలది పలకల సంఖ్య హెచ్చును గాని దిమ్మలోని కొయ్య తఱుగును. పలుచదనమే పొదుపనుకొనువారు ఈ లెక్కను చూడవలయును.

పిమ్మట చిత్రిక. కోతపలకను ఇరుప్రక్కల నునుపు చేయునప్పటికి ఒకటి రెండు నూళ్ళు పోవును. అంగుళముగ కొన్న పలక ముప్పాతికగ నిలుచుట యిందుచేతనే. కావున గృహస్థుతో మాటలాడునపుడు కోతమందమా, తీరినమందమా యని విప్పి చెప్పుట న్యాయము. దీనిని దాచుటవలన వచ్చిన తగవులు మన వృత్తికి తెచ్చిన అపకీర్తి యింతింత గాదు.

మూడవది ఆరుదల. కొయ్య పొడవునందు తఱుగుట మిక్కిలి స్వల్పము. వెడల్పునందును, మందమునందును తఱుగును. అందును బోదె చుట్టువెంబడి తఱుగుదల, నడిమినుండి వెలుపలికి గల తఱుగుదలకు దాదాపు రెట్టింపు. టేకు తక్కువగ తఱుగు కొయ్యలలోనిదే. అయినను 12 అంగుళముల వెడల్పుగల పచ్చిపలక పూర్తిగ ఆరునప్పటికి అర అంగుళము వఱకు పోవచ్చును. దళసరి పలక నిదానముగ ఆరును. తొందరపెట్టినచో పైపొర ఆరి లోపల తడి మిగిలి, నెఱియలు విచ్చును. అందుకే దుంగల చివరలకు పేడయో, మన్నో పూసి, నీడను పేర్చి, పలకకు పలకకు నడుమ పుల్లలుంచి గాలి యాడనిచ్చుట. తడిగాలి సీమనుండి వచ్చిన కొయ్యను విడపనకల్లు వంటి పొడిసీమలో ఒక వేసవియైన చూడనిచ్చి కాని కొలత తీయరాదు. వేసవి చూడని పలకకు కొలతబద్ద చెప్పునది నిజము గాదు.

వంపు లెక్క

అనుభవముచే మనవా రెఱిగినదానిని పడమటి పండితులు లెక్క కట్టిరి. 1638 లో అచ్చుపడిన గ్రంథమున గెలీలియో, దూలము విఱుగక ఓర్చు బలము దాని నిలువుమందము యొక్క వర్గమును బట్టి పెరుగునని చూపెను. పదునెనిమిదవ శతాబ్దిలో బెర్నూలీ, ఆయిలరు అనువారలు వంపు లెక్కను స్థిరపఱచిరి. మందము రెట్టింపైనచో బలము నాలుగురెట్లగును. వంపు ఎనిమిదవ వంతగును.

దీనిని మన అంగుళపు చిక్కునకు అన్వయింతము. ముప్పాతిక అంగుళపు పలకకును, నిండు అంగుళపు పలకకును కొయ్యలో భేదము మూడవ వంతు మాత్రమే. వంపులో భేద మంతటితో పోదు. పలుచని పలక, అదే బరువునకు, దళసరి పలకకంటె రెండు రెట్లకు మించి వంగును. ఆధారముల నడుమ దూర మింకను కఠినమైనది. అడుగునకింతయని సమముగ పుస్తకములు పేర్చిన పలకను రెండడుగులనుండి మూడడుగులకు పెంచినచో వంపు అయిదురెట్లగును. కావున వంగుచున్న పలకకు మందు రెండు విధములు: మందము పెంచుట, లేక నడుమ నొక ఆధార ముంచుట. పేదవాని యింట రెండవదే మేలు.

మన పెద్దలు మూడవ ఉపాయమును గూడ నెఱుగుదురు. పలక క్రింద నిలువుగ నొక పట్టె బిగించుట. ఉయ్యాలబల్లకును, వెడల్పు తలుపునకును వెనుక పట్టెలుండుట అలంకారము గాదు. కావలసినచోట మాత్రమే మందము నుంచుట. కొయ్య తక్కువ, బలమెక్కువ. కొయ్య దొరకనిచోట రాయి పనిచేసినది. తాడిపత్రి నాపబండలను గోడగూళ్ళలో పలకలుగ బిగించుట ఈ జిల్లాలో పరిపాటి. బండ వంగదు, చెద పట్టదు. కాని వంగనిది హఠాత్తుగ విఱుగును. కొయ్య విఱుగుటకు ముందు వంగి హెచ్చరించును. ఆ గుణమే దానికి మన యిండ్లలో గౌరవము తెచ్చినది.

మందమునకు మఱియొక ప్రయోజనము కలదు, అది అతుకు. కుసి పలక మందమున మూడవ వంతుండవలయుననునది వడ్రంగమున నలుదెసల నెఱిగిన సూత్రము. ఆఱు నూళ్ళ పలకలో కుసి రెండు నూళ్ళు, బెజ్జమునకు ఇరుప్రక్కల రెండేసి నూళ్ళు. అంతకు తగ్గినచో కుసియైన తెగును, బెజ్జపు చెంపయైన పగులును. పాత అంగుళము పలకకు వాడుక మందమైనది యాదృచ్ఛికము గాదని మా యభిప్రాయము. చేతిపనిముట్లతో కుసి బెజ్జము సురక్షితముగ నిలుచుటకు అంతకు తగ్గ వీలులేదు.

మిల్లీమీటరు కాలము

1942 లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో బర్మా టేకు రాక ఆగిపోయెను. 1956 నాటి చట్టముచే మెట్రిక్ కొలతలు వచ్చి, 1958 మొదలు క్రమముగ అమలుపడెను. పిమ్మట ప్లైవుడ్డు గ్రామములకు చేరినది. నేటి అంగడిలో నొక వింత చూడవచ్చును: పలక పొడవు వెడల్పులు 8 అడుగులు, 4 అడుగులు; మందము మాత్రము 6, 9, 12, 18 మిల్లీమీటరులు. ఒక్క పలకపైననే రెండు కాలములు నిలిచియున్నవి.

ఇందు 18 మిల్లీమీటరుల మందమును పరికింపుడు. ఇంగ్లీషు అంగుళము 25.4 మిల్లీమీటరులు, అందు ముప్పాతిక 19 మిల్లీమీటరులు. అనగా బీరువాలకును, గూళ్ళకును నేడు వాడెడు ప్రధానమగు పలక, ఒక మిల్లీమీటరు అటునిటుగ, మన ప్రాచీనాంగుళమే! యవగింజలతో కొలిచినవాడును, నూలుతో కొలిచినవాడును, యంత్రముతో కొలిచినవాడును ఒక్క చోటికే వచ్చిరి. ఇంటిలో మనుష్యుడు కూర్చుండు బరువును, పెట్టు సామాను బరువును, చేయి చాచు దూరమును మాఱనపుడు వానికి తగిన పలక మందము మాత్ర మెట్లు మాఱును?

అయితే మందమొక్కటియైనంత మాత్రమున గుణమొక్కటి గాదు. ప్లైవుడ్డులో పొరలు ఒకటి నిలువుగను, ఒకటి అడ్డముగను ఉండుటచే అది మన యెండకు అంతగా తఱుగదు, విచ్చదు. ఇది గొప్ప మేలు. కాని ఆ కారణముచేతనే పొడవున వంపునకు మంచి టేకువలె నిలువదు. రెండున్నర అడుగులకు మించిన గూటిపలకకు దానిక్రింద పట్టె యుండుట మంచిది. పొట్టును జిగురుతో నదిమిన పలకలు ఇంకను బలహీనములు. తడి సోకిన ఉబ్బును, మర మఱల పట్టదు. అంగడిలో 18 అని చెప్పినది కొలిచినపుడు 16 గా తేలుటయు కలదు. కొనునపుడే కొలిచి చూచుట వడ్రంగి విధి. కొలువని వానికి తరువాత మాటలాడు హక్కు తక్కువ.

మన కర్తవ్యము

మేర పోయినది. బండి పోయినది. మడక చాలవఱకు ఇనుపదయ్యెను. గ్రామమున మిగిలిన వడ్రంగికి తలుపులు, మంచములు, గూళ్ళు మాత్రమే జీవనము. అందును పట్టణపు తయారుసామాను పోటి. ఆ సామానుతో ధరలో పోటిపడజూచి మందము తగ్గించినచో రెంటికిని చెడుదుము. యంత్రము మనకంటె పలుచగను, చౌకగను చేయగలదు. మనము చేయగలిగి యంత్రము చేయలేనిది యొక్కటే: ఈ యింటికి, ఈ గోడకు, ఈ కొయ్యకు, ఈ బరువునకు ఎంత మందము తగునో చూచి చెప్పుట. ఆ తీర్పే మన సరకు. దానిని పోగొట్టుకొన్న వడ్రంగి అంగడివాని కూలివాడగును.

కావున సంఘీయులకు మూడు సంగతులు విన్నవించుచున్నాము. మొదటిది: ప్రతి గ్రామములోను వృద్ధులైన వడ్రంగుల వలన కొయ్యల పేళ్ళు, పనిముట్ల పేళ్ళు, వస్తువునకింత మందమను వాడుకలు వ్రాయించి భద్రపఱచవలయును, ఒక తరము గడచినచో అవి దొరకవు. రెండవది: పని యొప్పుకొనునపుడు పొడవు వెడల్పులతోపాటు తీరినమందమును గూడ కాగితముపై వ్రాసి గృహస్థున కొసగు నాచారము మనమే మొదలిడవలయును. మూడవది: పనినేర్చు బాలురకు ఉలియు, చిత్రికయు పట్టుట నేర్పినట్లే వంపు లెక్కను గూడ నేర్పవలయును. 2023 సెప్టెంబరు 17 న కేంద్రప్రభుత్వము విశ్వకర్మ పేరిట ప్రారంభించిన పథకమున వడ్రంగము చేరియున్నది. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల సహాయమును అందు కలవు. తగినవారు దాని నుపయోగించుకొనవలయును. గాని పనిముట్టు వచ్చినంతనే పనితనము రాదని మఱవరాదు.

వాడుకకు కొన్ని కొలతలు చెప్పి ముగింతుము. గూటిపలకకు రెండున్నర అడుగుల లోపున ఆఱు నూళ్ళు, మూడడుగులకు నిండు అంగుళము. బల్లపైపలకకు క్రింద చట్ట మున్నచో అంగుళము. తలుపు చట్టమునకు ఒకటింబాతిక మొదలు ఒకటిన్నర. నులకమంచపు పట్టెకు అడ్డుమందము రెండంగుళములకు తగ్గరాదు. రేగడినేలపై ద్వారబంధమునకు మూడంగుళములకు తగ్గించుట తగదు. ఇవి యన్నియు చేవగల, ఆరిన కొయ్యకు చెప్పినవి. కొయ్య చేవను, మోయవలసిన బరువును బట్టి చేసెడువాడు హెచ్చుతగ్గులు చేసికొనవలయును.

కఱవుసీమలో పుట్టిన మన పూర్వులకు కొయ్య తక్కువగ దొరకినది, మాట మాత్రమే విరివిగ నుండెను. వారు ఆ మాటను పలక లోపల, ఎవ్వరి కంటబడనిచోట, మందముగ నిలిపి పోయిరి. పాత తలుపులను విప్పి చూచినపు డది నేటికిని కానవచ్చును. మనము చేసెడు తలుపును నూఱేండ్ల పిమ్మట విప్పి చూచువానికి గూడ నట్లే కానవచ్చుగాక యని విశ్వకర్మ భగవానుని ప్రార్థించుచు విరమించుచున్నాము.